గ్రామవైద్యమునకు చేతిఫోను: సంఘముల విధి

చెఱువులో రొయ్య మేత ముట్టకున్నచో రైతు ఆ పూటనే ఫొటో తీసి, ఫోను ద్వారా తెలిసినవారికి పంపి, సలహా పొందుచున్నాడు. తాడేపల్లిగూడెపు ఉల్లి వర్తకులు కర్నూలు సరకు ధరను ఫోనులోనే తెలిసికొనుచున్నారు. పొలములోని మోటారును ఇంటి అరుగు మీద కూర్చుండి ఫోనుతో నడపించు రైతులు మన సంఘములలో అనేకులు కలరు. కాని ఆ రైతే తన తల్లికి రక్తపుపోటు మందు అయిపోయినచో ఏమి చేయుచున్నాడు? ఒక దినపు పని మానుకొని, ఆమెను ఆటోలో నెక్కించుకొని, ఏలూరికో కైకలూరికో పోయి, మధ్యాహ్నము వఱకు వరుసలో కూర్చుండి, వెనుకటి మందునే మఱల వ్రాయించుకొని వచ్చుచున్నాడు. లేదా, అంత తీరిక లేనప్పుడు, ఆ మందు నిలిచిపోవుచున్నది. రొయ్యకు జరుగుచున్న ఉపచారము కన్నతల్లికి జరుగకుండుట న్యాయమా యని మేము సభ్యుల నడుగుచున్నాము.

మేము చెప్పదలచిన దొక్కటియే. ఫోను ద్వారా వైద్యసలహా పొందుటకు ప్రభుత్వపు టేర్పాటులు ఇదివఱకే యున్నవి. వానిని పల్లెలోని వృద్ధులకు, స్త్రీలకు, లంకవాసులకు అందించు చేయి యొకటి కావలసియున్నది. ఆ చేయి సహకార సంఘమే కావలెను.

ఏర్పాటు లెట్టివో ముందు చూతము. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 వాహనమును ఎఱుగనివారు నేడు మన యూళ్లలో లేరు. ఫోను వలన వైద్యమునకు కలిగిన మొదటి మహోపకార మదియే. అటు పిమ్మట 104 నంబరు, ఆ పేరుతోనే గ్రామములకు వచ్చు వైద్యవాహనములు ఏర్పడినవి. 2019 నవంబరులో ఇ-సంజీవని యను పద్ధతి వచ్చెను. ఈ పద్ధతిలో గ్రామ ఆరోగ్యకేంద్రమునందలి ఉద్యోగి రోగిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, దూరమున నున్న వైద్యునితో తెరమీద మాటలాడించును. వైద్యుడు విని, చూచి, మందుచీటిని అక్కడినుండియే పంపును. దీనిని గ్రామ కేంద్రములలో మొట్టమొదట అమలు జరిపినది మన ఆంధ్ర రాష్ట్రమే. 2020 ఏప్రిలులో, కరోనా దినములందు, రోగి తన యింటినుండియే వైద్యునితో మాటలాడు ఏర్పాటును దీనికి చేర్చిరి. 2023 ఫిబ్రవరి నాటికి దేశమంతట ఇట్టి సంప్రదింపులు పది కోట్లు దాటినవి. మనోవ్యథకు లోనైనవారికై 2022 అక్టోబరు 10న టెలి మానస్ ప్రారంభమైనది. దాని నంబరు 14416. చెఱువు నష్టమై అప్పు మీదపడిన రైతు రాత్రివేళ ఒంటరిగా క్రుంగిపోవుటకంటె, ఆ నంబరునకు ఫోను చేసి మాటలాడుట మేలు.

ఫోను వైద్యము అన్ని రోగములకు పనికివచ్చునని మేము చెప్పుటలేదు. ఎక్కువగా పనికివచ్చునది చాలకాలము మందు వాడవలసిన జబ్బులకు. రక్తపుపోటు, చక్కెర వ్యాధి, క్షయ మొదలగు వానిలో మందు తెలియకపోవుటవలన కంటె, తెలిసిన మందును మానుటవలన కలుగు హాని అధికము. ఆఫ్రికాలోని కెన్యా దేశమున హెచ్.ఐ.వి. రోగులకు వారమున కొక్కసారి ఫోనులో కుశలప్రశ్నను సందేశముగా పంపి, జవాబు రానివారిని విచారించిరి. 538 మందిపై జరిగిన ఈ పరిశీలన 2010లో ప్రకటింపబడినది. సందేశములు పొందినవారిలో నూటికి 62 మంది మందును క్రమముగా వాడగా, పొందనివారిలో 50 మంది మాత్రమే వాడిరి. ఇందులో క్రొత్త ఔషధ మేదియు లేదు. అడుగువారు ఒకరున్నారను తలంపే ఇంత పని చేసినది.

వైద్యులకును దీనివలన లాభము కలదు. ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి పట్టణములలో తెల్లవారకముందే వైద్యశాలల ముందు జనము చేరుటను మన మెఱుగుదుము. రోగికి వంతు ఎప్పుడో ఫోనులో ముందుగా తెలిపినచో ఆ నిరీక్షణ తప్పును. వైద్యునకును ఒక్కొక్క రోగిని నిదానముగా చూచు తీరిక చిక్కును. శస్త్రచికిత్స యైనవాడు పుండు మానినదో లేదో ఫొటో పంపి తెలిసికొనవచ్చును. మఱియు 2021 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వలన ప్రతి మనుష్యునకు 14 అంకెల ఆరోగ్యసంఖ్య పొందు వీలు కలిగినది. రోగి సమ్మతించినచో, ఆ సంఖ్యతో ముడిపడిన వెనుకటి పరీక్షలను వేఱొక వైద్యుడు చూడగలడు. సంచిలో నలిగి, వానలో తడిసి, అక్షరములు చెఱగిన కాగితములే నేడు మన రోగుల చరిత్ర యని తలచినచో దీని విలువ తెలియును.

కొల్లేటి ప్రాంతమునకు ఈ యవసరము మఱింత హెచ్చు. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి వచ్చి కలియు సరస్సు అది. నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేఱే దారి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన పిదప, ఆ నీరు కొల్లేటికి చేరి లంకలకు పోవు త్రోవలను ముంచెను. త్రోవ మునిగిన దినములలో వైద్యుడు లంకకు రాలేడు, రోగి పట్టణమునకు పోలేడు. అట్టి దినములందు మాట ఒక్కటియే నీటిని దాటగలదు.

అయితే హద్దులను గుర్తింపవలెను. పాముకాటు, గుండెనొప్పి, పక్షవాతము, పురిటి రక్తస్రావము, పురుగుమందు లోనికి పోవుట – వీనికి ఫోనులో వైద్యము వెదకుచు కాలము పుచ్చరాదు. వెంటనే 108కి పిలువవలెను. కడుపు నొక్కి చూడవలసిన నొప్పిని తెరమీద చూచి నిర్ణయించుట సాధ్యము కాదు. 2020 మార్చి 25న ప్రకటించిన దూరవైద్య నిబంధనలు సైతము, రోగిని స్వయముగా చూడవలసియున్నచో ఆ సంగతి చెప్పి పంపవలెనని వైద్యుని ఆదేశించుచున్నవి. మత్తు కలిగించు కొన్ని ఔషధములను ఈ పద్ధతిలో వ్రాయుట నిషిద్ధము. వైద్యుని పేరు, రిజిస్టరు నంబరు మందుచీటిపై నుండవలెను. అవి లేని సలహాను, వాట్సాపులో చేతులు మాఱి వచ్చు చిట్కాలను వైద్యముగా నమ్మరాదు.

ఇక ఆక్షేపణలకు వత్తము. "ఇంటింట ఫోనున్నది, సంఘ మెందుకు?" అని కొందఱనవచ్చును. ఇంటి ఫోను కుమారునితో చెఱువుగట్టునకు పోవును. ఇంటిలోని కోడలికి జ్వరము వచ్చినప్పుడు పిలుచుటకు ఫోనుండదు. తాతకు అంకెలు కనబడవు. లంకలో ఒక మూల సిగ్నలుండును, మఱియొక మూల నుండదు. చేతిలో ఫోనుండుట వేఱు, దానివలన వైద్యమందుట వేఱు. రెండవ ఆక్షేపణ గోప్యమును గూర్చినది, ఇది న్యాయమైనది. స్త్రీల జబ్బుగాని, క్షయగాని ఊరంతయు తెలిసినచో, తరువాత ఆ ఫోను దగ్గరకు ఎవ్వరును రారు. కావున గోప్యము నిలుపలేని సంఘము ఈ పనికి పూనుకొనకుండుటయే మంచిది.

పూనుకొను సంఘములకు మా సూచన లివి. సంఘ కార్యాలయమున తలుపు వేసికొనుటకు వీలగు గది నొకదానిని వారమున కొక మధ్యాహ్నము ఇందులకై విడువవలెను. సిగ్నలు బాగుగా నందు ఫోను, రక్తపుపోటు చూచు యంత్రము, బరువు త్రాసు కొనియుంచవలెను. సభ్యుల కుటుంబములలో చదువుకొన్న ఒక యువతిని, ఒక యువకుని ఎన్నుకొని, ఆశా కార్యకర్తయొద్దను ఆరోగ్యకేంద్రమునందును తగిన శిక్షణ ఇప్పింపవలెను. వారు వైద్యము చేయరాదు. ఫోను కలిపి, చెప్పినది వినిపించి, మందుచీటిని కాగితముపై దింపి యిచ్చుటయే వారి పని. మందు తప్పక వాడవలసినవారి పేళ్లు ఒక పుస్తకమున వ్రాసి, దానిని తాళములో నుంచి, గడువు వచ్చినప్పుడు జ్ఞాపకము చేయవలెను. వ్యయమును సర్వసభ్య సభ తీర్మానముతో, చట్టము అనుమతించు మేరకు భరింపవచ్చును.

సహకార సంఘములకు వైద్యముతో పనియేమని శంకింప నక్కఱలేదు. కర్ణాటకములో సహకార సంఘముల రైతులు తలకింత చందా చెల్లించుకొని 2003లో యశస్విని యను శస్త్రచికిత్సా పథకమును నడపిరి. 2023లో కేంద్ర ప్రభుత్వము ప్రాథమిక వ్యవసాయ సంఘములు జనౌషధి దుకాణములు పెట్టుటకు సమ్మతించినది. చౌకమందు అమ్మదగిన సంఘము, ఆ మందు వ్రాయు వైద్యుని మాటను వినిపింపరాదా?

విత్తనమునకు, ఎరువునకు, అప్పునకు మనము ఒక్కటైతిమి. ఒంటరి రైతునకు దొరకనిది పదిమంది కూడినచో దొరకునని ఆ యనుభవము మనకు నేర్పినది. రాబోవు సర్వసభ్య సభలో ప్రతి సంఘమును ఈ విషయమును చర్చకు పెట్టవలెనని, ముందుగా లంకగ్రామముల సంఘములు ఒక సంవత్సరము నడపి చూచి, ఎందఱికి ఎన్ని ప్రయాణములు తప్పినవో, ఎందఱు మందు మానక వాడిరో లెక్కలతో తెలుపవలెనని కోరుచున్నాము. ఆ లెక్కలను, మంచివైనను చెడ్డవైనను, ఈ పత్రికలోనే ప్రకటింతుము.