ఆట పెట్టెలోని పాట

ఈ శీర్షికలో సాధారణంగా మేము కర్మాగారపు యంత్రాలను గూర్చి, కొలత పరికరాలను గూర్చి ముచ్చటిస్తూ ఉంటాము. ఈ పర్యాయం ఎంచుకొన్న విషయం పిల్లల ఆటవస్తువు. అయినా దానిలో మన వృత్తికి పనికివచ్చే పాఠం ఒకటి ఉన్నది. ఆ పాఠాన్ని మాకు మా అమ్మాయి నేర్పింది. అదీ, ఆమె మాట తప్పని మేము గట్టిగా వాదించిన తరువాత.

2003 ప్రాంతంలో మా క్వార్టర్సులో టీవీకి తగిలించి ఆడే ఆట పెట్టె ఒకటి ఉండేది. జపానులో నింటెండో సంస్థ 1983లో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే యంత్రానికి అది అనుకరణ. అందులో సూపర్ మారియో బ్రదర్స్ కార్ట్‌రిడ్జ్ పెడితే మా అమ్మాయికి అన్నం సంగతి గుర్తుండేది కాదు. వంటింటిలో ఉన్న మా అమ్మగారు ఒక చెవి ఆ పాట మీదనే ఉంచేవారు. పాట ఆగిందంటే, “పిల్ల ఓడిపోయింది, ఇక కంచం పెట్టవచ్చు” అనేవారు. ఆమె గతించి కొన్నేళ్లయింది. ఇటీవల అమ్మాయి ఫోను చేసి, “నాన్నగారూ, ఆ పాట వింటే నాయనమ్మ పిలుస్తున్నట్లే ఉంటుంది. నా ఫోనులో పెట్టుకొనేటట్లు చేసి పంపిస్తారా?” అని అడిగింది.

పాత కార్ట్‌రిడ్జ్ అటక మీది అట్టపెట్టెలో దొరికింది. ఒక క్యాసెట్టు నుండి మరొక క్యాసెట్టుకు పాట ఎక్కించినంత సులువు అనుకొన్నాము. తీరా చూస్తే ఆ కార్ట్‌రిడ్జ్‌లో పాట అనేదే లేదు.

పాఠకులకు ఇది వింతగా తోచవచ్చు. లెక్క చూడండి. ఆడియో సీ.డి. మీద ఒక్క సెకను సంగీతానికి 1,76,400 బైట్లు కావాలి. 1985లో వచ్చిన ఆ ఆట మొత్తం, అనగా బొమ్మలు, నియమాలు, పాటలు అన్నీ కలిసి 40 కిలోబైట్లు మాత్రమే. సీ.డి. లెక్కన అది పావు సెకను సంగీతానికైనా చాలదు. మరి అన్ని పాటలు ఎక్కడ ఇమిడినవి? కార్ట్‌రిడ్జ్‌లో ఉన్నది గానం కాదు, స్వరలిపి. ఏ స్వరం, ఎంత సేపు, ఎంత గట్టిగా అనే సూచనలు మాత్రమే అందులో ఉంటాయి. వాటిని చదివి అప్పటికప్పుడు పలికించే గాయకుడు పెట్టెలోని చిప్పు. దానికి 5 కంఠాలు: చతురస్రపు తరంగాలు పలికేవి 2, త్రికోణపు తరంగం పలికేది 1, దరువు కొరకు గరగర శబ్దం చేసేది 1, చిన్న శబ్దపు ముక్కలను పలికేది 1.

కనుక పాత ఆటల సంగీతాన్ని నేటి ఫోనులో వినదగిన రూపానికి మార్చడమంటే నకలు తీయడం కాదు. ఆ గాయకుణ్ణి మళ్లీ కూర్చోబెట్టి పాడించి రికార్డు చేయడం. ఇందులో యంత్రాన్ని బట్టి పద్ధతి మారుతుంది. 1982 నాటి కమడోర్ 64 కంప్యూటరులోని సిడ్ చిప్పుకు 3 కంఠాలు, వాటికి ఒక వడపోత. ఆ వడపోత అనలాగ్ వలయం కావడం వలన ఒక చిప్పు పలికినట్లు మరొకటి పలకదు. 1990లో వచ్చిన సూపర్ ఫ్యామికామ్‌లో సోనీ సంస్థ తయారుచేసిన ధ్వని విభాగం వేరుగా ఉన్నది. దానికి 8 కంఠాలు, సొంతంగా 64 కిలోబైట్ల మెమరీ. వాద్యాల నమూనాలను 16 విలువలకు 9 బైట్ల చొప్పున కుదించి అందులో ఉంచుతారు. ఆ మెమరీ మొత్తాన్ని ఒక క్షణాన ఉన్నదున్నట్లు దించుకొన్నదే ఎస్.పి.సి. ఫైలు. 1994లో ప్లేస్టేషన్ వచ్చేసరికి ఆటలు సీ.డి. మీదికి చేరాయి. కొన్నిటిలో పాటలు మామూలు ఆడియో సీ.డి. రూపంలోనే ఉన్నవి, మరికొన్నిటిలో 28 విలువలను 16 బైట్లలో కుదించినవి. ఇటువంటి వాటిని విప్పడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, వీజీఎంస్ట్రీమ్ వంటి సాధనాలు ఉచితంగానే లభిస్తాయి.

మా ఫ్యామికామ్ పాటకు వాడే రూపం పేరు ఎన్.ఎస్.ఎఫ్. ఆటలోని సంగీతపు ప్రోగ్రామును మాత్రం వేరుచేసి, దాని ముందు 128 బైట్ల శిరోభాగం తగిలిస్తే ఆ ఫైలు తయారవుతుంది. మా అల్లుడుగారు కార్ట్‌రిడ్జ్‌ను చదివే చిన్న పరికరం తెచ్చిపెట్టారు. మూడు ఆదివారాలు కూర్చొని ఆ ఫైలు సిద్ధం చేశాము. పాత చిప్పును అనుకరించే ప్లేయరులో దానిని నడిపి, వచ్చిన ధ్వనిని మొదట వేవ్ ఫైలుగా, పిమ్మట ఎం.పి.3గా మార్చాము. ఇటువంటి పాటలకు ముగింపు ఉండదు. ఆట సాగినంతసేపు తిరిగి తిరిగి వస్తూనే ఉంటాయి. కనుక రెండు ఆవృత్తులు పాడించి, చివర మెల్లగా తగ్గించి, అమ్మాయికి పంపాము.

మరునాడు జవాబు వచ్చింది. “పాట అదే గాని మన ఇంటి పాట కాదు. ఇది తొందరపడుతోంది.” మేము ఒప్పుకోలేదు. చిన్ననాటి సంగతులు అందరికీ నెమ్మదిగా జరిగినట్లే తోస్తాయనీ, జ్ఞాపకం పొరపాటు పడుతుంది గాని లెక్క పొరపాటు పడదనీ ఉపన్యసించాము. అమ్మాయి వాదించలేదు. “సరే లెండి” అన్నది. ఆ మాట మమ్మల్ని రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

మూడవనాడు లెక్క మొదటి నుండి తిరిగి వేశాము. ఫ్యామికామ్‌లో టీవీ తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ సంగీతపు ప్రోగ్రాముకు ఒకసారి పిలుపు వస్తుంది. స్వరం ఎంతసేపు నిలవాలో అది ఆ పిలుపులను లెక్కపెట్టి నిర్ణయిస్తుంది. జపాను, అమెరికా దేశాల టీవీలలో బొమ్మ సెకనుకు దాదాపు 60 సార్లు మారేది. మన దేశంలో అనుసరించిన పాల్ పద్ధతిలో 50 సార్లు. 30 పిలుపుల స్వరం అక్కడ అర సెకను నిలిస్తే మా ఇంటి టీవీ ముందు 0.6 సెకను నిలిచేది. అక్కడ ఒక నిమిషంలో ముగిసే పాట ఇక్కడ 72 సెకన్లు సాగేది. మా ప్లేయరు మాత్రం అక్కడి లెక్కనే పట్టుకొని పాడించింది. అమ్మాయి జ్ఞాపకం సరియైనదే, పొరపాటు మాది.

సరే, ఎం.పి.3 ఫైలును ఆరింట అయిదు వంతుల వేగంతో నడిపితే సరిపోతుందనుకొన్నాము. నడక కుదిరింది గాని శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోయి, పాట జలుబు చేసిన గొంతులా వినిపించింది. శ్రుతిని నిలిపి నడకను మాత్రమే సాగదీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నవి. కాని అవి శబ్దాన్ని ముక్కలు చేసి అతికేవి కావడం చేత దరువు మొద్దుబారింది.

శ్రుతి తల్లి, లయ తండ్రి అని మన పెద్దలు అన్నారు. ఈ యంత్రంలో ఆ ఇద్దరి నివాసాలు వేరు. శ్రుతి చిప్పు గడియారాన్ని బట్టి, లయ టీవీ పిలుపును బట్టి నడుస్తాయి. జపాను యంత్రపు గడియారం సెకనుకు సుమారు 17,90,000 సార్లు కొట్టుకొంటుంది. 50 లెక్క టీవీల కొరకు చేసిన అనుకరణ పెట్టెలలో ఒక ప్రసిద్ధ రకానికి అది సుమారు 17,73,000. నూటికి ఒక్కటి తేడా. చాలా స్వల్పం. అందుచేత అటువంటి పెట్టెలో శ్రుతి దాదాపు నిలిచి, లయ మాత్రమే నెమ్మదించేది. మేము చేయవలసినదీ అంతే.

అదృష్టవశాత్తు ఎన్.ఎస్.ఎఫ్. ఫైలును చెరిపివేయలేదు. పిలుపుకూ పిలుపుకూ మధ్య ఎన్ని మైక్రోసెకన్లు ఉండాలో దాని శిరోభాగంలోనే వ్రాసి ఉంటుంది. అక్కడ సుమారు 16,666 ఉన్నచోట 20,000 అని దిద్ది మళ్లీ పాడించాము. మూడు ఆదివారాల శ్రమలో దొరకనిది ఒక్క సంఖ్యను మార్చగా దొరికింది.

పాఠకులకు మేము విన్నవించేది ఇదే. మార్చిన ఫైలు ఒకనాటి కచేరీకి రికార్డు మాత్రమే. అసలు ఫైలు స్వరలిపి. కచేరీలో దొర్లిన తప్పును స్వరలిపి ఉంటే దిద్దుకోవచ్చు. రికార్డు మాత్రమే మిగిలితే ఆ తప్పే ప్రమాణమై కూర్చుంటుంది. డ్రాయింగుల గదిలో అసలు ప్రతిని పోగొట్టుకొని జిరాక్సుకు జిరాక్సు తీస్తూ వచ్చిన వారికి ఈ బాధ వివరించనక్కరలేదు. మీ ఇంట ఇటువంటి పాటలు, పాత క్యాసెట్లు, పెళ్లి వీడియోలు ఏవి మార్చినా మూడు నియమాలు పాటించండి. అసలును పారవేయకండి. మొదటి ప్రతిని వేవ్ లేదా ఫ్లాక్ వంటి నష్టం లేని రూపంలో ఉంచి, ఫోను కొరకు మాత్రమే ఎం.పి.3 చేయండి. ఏ యంత్రం, ఏ వేగం, ఏ సాధనం, ఏ తేదీ అనే వివరాలు ఒక కాగితం మీద వ్రాసి జతచేయండి. ఈ సంగీతానికి స్వరకర్తలు, హక్కుదారులు ఉన్నారు కనుక అనుమతి లేనిదే పంచడం, అమ్మడం తగదు.

ఇది పిల్లల ఆట కదా అని తేలికగా చూడనక్కరలేదు. కోజీ కోండో సమకూర్చిన మారియో పాటను అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2023లో తన జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చింది. ఆ గౌరవం పొందిన తొలి వీడియో గేమ్ సంగీతం అదే.

దిద్దిన పాటను పంపిన రాత్రి అమ్మాయి ఫోను చేసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనుక నుండి పాట వినిపిస్తోంది, 50 లెక్కన, నింపాదిగా. పాట ఆగిన తరువాత, “నాన్నగారూ, అన్నం తిన్నారా?” అని అడిగింది.