అన్నం మోసుడేంది?

మొరాకో పోదామని రెండేళ్లుగా పైసలు కూడబెడుతున్నా. మెర్జూగా ఇసుక తిన్నెలు, అట్లాస్ కొండల్లో పల్లెలు... వీడియోలు చూసీ చూసీ దారులు నోటికొచ్చేశాయి. వీపు సంచీ కొన్నా, బూట్లు కొన్నా. టికెట్ మాత్రం కొనలేదు. కొత్త బూట్లు ముందే కాలికి అలవాటు కావాలి కదా అని మొన్న పుష్యమాసంలో జన్నారం దగ్గర ఉట్నూర్ బస్సెక్కాను.

దారంతా కవ్వాల్ అడవి. టేకు చెట్లు, మలుపులు. దిగేసరికి చలికి పళ్లు టకటకలాడుతున్నాయి.

తెల్లారి పత్తిచేల పక్కన నడుస్తుంటే వాళ్లు కనిపించారు. తెల్లటి ధోవతులు, తలపాగాలు, ఒకరి వెనక ఒకరు. మెస్రం వంశపు గోండులు. పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో నాగోబాకు చేసే అభిషేకానికి గోదావరి నీళ్లు తేవడం వాళ్ల వంతు. జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా వెళ్లి రావాలి. బండి మీదైతే ఒక్క పూట పని. వాళ్లు మాత్రం ఊరూరా ఆగుతూ రోజుల తరబడి నడుస్తారు. కాళ్లకు చెప్పులుండవు.

"రామ్ రామ్" అన్నాను. ఒక పెద్దమనిషి నా సంచీ వైపు చూశాడు.

"ఇంత బరువేంది బిడ్డా?"

చెప్పాను. పరుపు, చిన్న స్టవ్, పొట్లాల్లో తిండి.

"ఊరు ఉండంగ అన్నం మోసుడేంది?"

ఏం చెప్పాలో తోచలేదు. బూట్లు విప్పి సంచీకి కట్టి వాళ్ల వెంట నడిచాను. అర కిలోమీటరు కూడా పోలేదు, కంకర తగిలి మళ్లీ తొడుక్కున్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆ రాత్రి మజిలీ ఊళ్లో నీళ్ల ఝరిని చెట్టుకు వేలాడదీశారు. నేను ఫోన్ తీయగానే పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "దాన్ని వద్దు. మమ్ముల తీసుకో." నేను ఎవరినీ తీయలేదు. జాతరకు పోయి డ్రోన్లు ఎగరేసి 'గిరిజన సంస్కృతిని కనుగొన్నాం' అని రాసేవాళ్లలో నిన్నటి దాకా నేనూ ఒకణ్నే. జొన్నరొట్టె, పప్పు పెట్టారు. నా పేరు అడగడానికి ముందే పెట్టారు.

మర్నాడు ఒక్కణ్నే ఇంద్రవెల్లి పోయి స్తూపం దగ్గర ఆగాను. 1981 ఏప్రిల్ 20న భూమి హక్కుల కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు ఇక్కడే కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది. ఊళ్లలో చెప్పే లెక్క అంతకు ఎన్నో రెట్లు. చదువుకున్న రోజుల్లో ఈ తేదీ నాకెవరూ చెప్పలేదు. మొరాకోకు స్వాతంత్ర్యం వచ్చింది 1956లో అని మాత్రం అడగ్గానే చెప్పగలను.

కేస్లాపూర్‌లో ఆ పెద్దమనిషి మళ్లీ కలిశాడు. మెస్రం వాళ్లంతా మర్రిచెట్ల కింద దిగి ఉన్నారు. మొరాకో సంగతి చెప్పాను. శ్రద్ధగా విని ఒక్కటే అడిగాడు.

"అక్కడ రాత్రికి ఎవరింటికి పోతవ్?"

హోటల్ బుక్ చేసుకోవాలి దాదా అన్నాను.