నాడులు వేరు, మెరిడియన్లు వేరు

గతమాసంలో ఒక భక్తుడు రంగుల పటమొకటి తెచ్చి ఆలయమండపంలో నా ముందు పరిచాడు. మానవదేహంపై చైనీయుల ఆక్యుపంక్చర్ రేఖలు, వాటి పక్కన సుశ్రుతుని మర్మాల పేర్లు. "పంతులుగారూ, అన్నీ ఒకటేనటండీ! మన ప్రాణమే వారి 'ఛి', మన నాడులే వారి మెరిడియన్లు" అన్నాడు. పటాన్ని మండపంలో వ్రేలాడదీయాలని ఆయన కోరిక. నేను అంగీకరించలేదు.

పటంలోని భ్రూమధ్యాన్నే పరిశీలించండి. అక్కడ సుశ్రుతుని స్థపనీ మర్మాన్నీ, చైనీయుల యిన్‌తాంగ్ బిందువునూ ఏకం చేశారు. స్థపని విశల్యఘ్న మర్మం. అక్కడ దిగిన శల్యం ఉన్నంతవరకే మనిషి బ్రతుకుతాడు, పెరికితే మరణిస్తాడు అని శారీరస్థానం హెచ్చరిస్తుంది. చైనా వైద్యుడు మనశ్శాంతి కోసం సరిగ్గా అక్కడే సూది గుచ్చి, కొంతసేపటికి తీసివేస్తాడు. సన్నని సూది బాణం కాదని నాకూ తెలుసు. కాని శస్త్రం తగలకుండా కాపాడవలసిన స్థానమని ఒకరు, గుచ్చవలసిన స్థానమని మరొకరు చెబుతుండగా, రెండూ ఒకే సిద్ధాంతమనడం ఏ తర్కం? స్థానసామ్యం స్వరూపసామ్యం కాజాలదు. మర్మాలు 107, వారి బిందువులు 361 అన్న లెక్కను అటుంచుదాం.

ఇక నాడులు. కఠోపనిషత్తు హృదయనాడులు 101 అని చెప్పి, వాటిలో మూర్ధానికి పోయే ఒక్కదాని ద్వారానే అమృతత్వమన్నది. అది జీవుని ఉత్క్రాంతి మార్గం. ఊపిరితిత్తులు, జీర్ణాశయం, మూత్రాశయం వంటి అవయవాల పేర్లతో నడిచే 12 ప్రధాన మెరిడియన్లలో ఆ మార్గమేది? వారి పంచతత్త్వాలలో కాష్ఠమూ లోహమూ ఉన్నాయి. వాయువూ ఆకాశమూ లేవు. మన ఆకాశాన్ని ఏ చెట్టుకు కట్టివేయాలి?

జపాన్ దేశీయుడు హిరోషి మొటోయామా యంత్రసహాయంతో సైతం ఈ సమన్వయానికి పూనుకున్నాడు. ఆయన శ్రద్ధను గౌరవిస్తాను, నిర్ణయాన్ని అంగీకరించను. ఉభయ సంప్రదాయాలనూ నిజంగా స్వీకరించినవారు టిబెట్టు వైద్యులు. త్రిదోషాలను మన నుండి గ్రహించారు. చైనా పంచతత్త్వాలను నాడీపరీక్షలోనూ జ్యోతిషంలోనూ వాడుకున్నారు. అయినా మన పంచభూతాలను వాటిలో కలిపివేయలేదు. రెండు గణనలనూ వేర్వేరుగానే నిలుపుకున్నారు. కలిసి బ్రతికినవారికి ఉన్న వివేకం పటాలు అచ్చువేసేవారికి లేకపోయింది!

ఆ భక్తుడు మోకాలినొప్పికి సూదుల వైద్యం చేయించుకుంటే నాకు అభ్యంతరం లేదు. చైనీయుల విద్య చైనీయుల పేరుతోనే రానీయండి. సుశ్రుతుని చేత దానికి సాక్షిసంతకం పెట్టించవద్దు. పటం ఇంకా నా గదిలోనే చుట్టబెట్టి ఉంది. వచ్చి తీసుకువెళ్ళమని కబురు పంపాను.