దవాఖాన పక్క బిల్డింగు

మా కల్వకుర్తి వాళ్లకు పట్నం అంటే అప్పట్లో గౌలిగూడ బస్టాండే. అక్కడ దిగి, సంచి చంకన పెట్టుకొని ఎక్కువమంది నడిచేది ఉస్మానియా దవాఖాన వైపు. దాని పక్కనే, మూసీ ఒడ్డున, ఎత్తైన పాత కట్టడం ఒకటుంది. అదేంటిదని చిన్నప్పుడు అడిగితే "దవాఖాన పక్క బిల్డింగు" అన్నాడు మా నాయన. రోగికి అన్నం గిన్నె మోసుకుపోతున్న మనిషికి అంతకన్నా వివరం ఎందుకు?

అది అసఫియా కుతుబ్‌ఖానా, ఇప్పటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. దాని లోపల అడుగుపెట్టడానికి నాకు అమెరికా వచ్చి స్థిరపడేంత కాలం పట్టింది.

ఊరి నుంచి చుట్టాలు వస్తే న్యూయార్క్ లైబ్రరీకి తీసుకెళ్లడం మనలో చాలామందికి అలవాటు. మెట్ల దగ్గరి రాతి సింహాలతో ఒక ఫొటో, పైన చదువుల గదిలో ఇంకో ఫొటో, పిల్లలుంటే ప్రదర్శనలో విన్నీ ద పూ అసలు బొమ్మలు. 2014లో ఆ గది కప్పు నుంచి ఒక్క ప్లాస్టర్ పువ్వు రాలిపడితే, రెండేళ్లకు పైగా గది మూసేసి, కప్పంతా పరీక్షించి 2016లో మళ్లీ తెరిచారు. ఈ ముచ్చట వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. ఒకసారి మా మేనమామ అంతా విని, "మరి మన పట్నంలది ఎట్లుంటది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

పోయిన మే నెలలో వెళ్లాను. బయట ఎండ మాడ్చేస్తోంది. లోపలికి రాగానే ఒంటికి తెలిసింది ఆ కప్పు ఎందుకంత ఎత్తో, ఆ గోడలు ఎందుకంత మందమో. వేడి పైకి పోతుంది, మనిషి కింద చల్లగా కూర్చుంటాడు. 1891లో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ పూనికతో మొదలైన గ్రంథాలయానికి ఏడో నిజాం 1932లో ఇక్కడ పునాదిరాయి వేశాడు, 1936లో పుస్తకాలు ఈ ఇంటికి చేరాయి. తల పైకెత్తి ఫొటోలు తీస్తుంటే పక్క కుర్చీలోని పిల్లగాడు నవ్వాడు.

"ఏం జూస్తుండ్రు సార్ పైన?"

"కప్పు."

"మేం ఫ్యాను జూస్తం సార్. దాని కింద సీటు దొర్కాలంటే పొద్దుగాల్నే రావాలె."

వాళ్లది వెల్దండ. మాది కల్వకుర్తి అనగానే తన సంచి తీసి కుర్చీ ఇచ్చాడు. గ్రూప్-2కు చదువుతున్నాడు. గైడులో ఎర్ర పెన్నుతో గీత గీసిన చోట ఒక అంకె ఉంది: 354. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో తెచ్చిన గోలకొండ కవుల సంచికలోని కవుల లెక్క అది. అతనికి ఒక బిట్టు. నాకేమో ఆ గైడు పేజీయే ఆ రోజు చూసిన ప్రదర్శన.

ఎందుకంటే ఆ పేజీలో ఉన్నవాళ్లు సగం మంది మన పాలమూరు వాళ్లే. సురవరంది గద్వాల సీమ. రెడ్డి హాస్టల్ పెట్టిన కొత్వాల్ వెంకట్రామారెడ్డిది వనపర్తి సంస్థానం. ఆ హాస్టల్ గ్రంథాలయాన్ని పెంచి పెద్ద చేసింది మళ్లీ సురవరమే. హైదరాబాద్ రాష్ట్రానికి 1952లో ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు పుట్టింది మా కల్వకుర్తి తాలూకా పడకల్లులో. మళ్లీ గ్రంథాలయాలకు వస్తే, అసఫియాలో ఉర్దూ, పారసీ, అరబ్బీలదే పెద్దపీటగా ఉన్న కాలంలో తెలుగువాడికి చదువుకోవడానికి ఒక గది కావాల్సివచ్చింది. అది 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పేరుతో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు వెన్ను కాశారు. సుల్తాన్‌బజార్‌లో ఇప్పుడున్న నిలయం అసఫియా ముందు చిన్నదే. కానీ ఒకటి నిజాం ఖజానాతో లేచింది, ఇంకొకటి చందాలతో. నాకు రెండోదే ఎక్కువ ముద్దు, పక్షపాతం అనుకున్నా సరే. అమెరికాలోని మన ఈ సంఘం కూడా మొదట ఎవరింటి బేస్‌మెంట్‌లో కూర్చుందో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఈ వేసవికి ఊరెళ్తున్న సభ్యులకు ఒక విన్నపం. బిర్యానీ, బంగారం, చార్మినార్ పట్టీలో ఒక పూట ఈ రెండు గ్రంథాలయాలకూ కేటాయించండి. ఊళ్లో మీ పేరిట ఇల్లుంటే కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. కాబట్టి మీ ఊరి శాఖా గ్రంథాలయంలోకి కూడా సిగ్గుపడకుండా వెళ్లి కూర్చోండి. కుర్చీలు ఎన్ని ఉన్నాయో, సాయంత్రం ఎప్పటిదాకా తెరిచి ఉంటుందో అడగండి. వాళ్లు చెప్పింది మాకు రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాం. మనం పంపాల్సింది పుస్తకాలా, ఫ్యాన్లా అన్నది అప్పుడు తేల్చుకుందాం. నా ఓటైతే ఫ్యాన్లకే.

వెల్దండ పిల్లగాడితో చాయ్ తాగొద్దామని లేచాను. అతను రానన్నాడు, సీటు పోతుందట. రెండడుగులు వేసి వెనక్కి చూస్తే నా కుర్చీ మీద అప్పుడే ఎవరిదో టిఫిన్ డబ్బా కూర్చుంది.