నాలుగు తలుపుల త్యాగం

మగవాళ్ళ కోరికలకి ఈ సమాజం పెట్టే ముద్దుపేర్లు చాలా ఉన్నాయి. వాటిలో 'బాధ్యత' అనే పేరుతో నాకు పేచీ ఉంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు నడిపే ఒక డబ్బున్న మగవాడు, పిల్లలు పుట్టాక ఆ కారు ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి, వెనక సీటూ పెద్ద డిక్కీ ఉన్న ఖరీదైన సెడాన్ కొంటాడు. ఇక చుట్టాలు, స్నేహితులు, కార్ల పత్రికలు అందరిదీ ఒకటే మాట. "పాపం, ఇంట్లోవాళ్ళ కోసం ఎంత ఇష్టమైన బండి వదులుకున్నాడో!" "ఇన్నాళ్ళకి మనిషి కుదురుకున్నాడు." ఆ సెడాన్ వెనకటి స్పోర్ట్స్ కారుతో సమానంగానో, అంతకన్నా ఎక్కువగానో పరిగెడుతుందన్న సంగతి మాత్రం ఈ మెచ్చుకోళ్ళలో ఎక్కడా వినపడదు.

కోట్ల రూపాయల కార్ల గొడవ మనకెందుకు, మన ఆడవాళ్ళు ఇంకా బస్సులో సీటు కోసం తన్నుకులాడుతుంటే అని కొందరు మిత్రులు అడగొచ్చు. అడగవలసిన ప్రశ్నే. పేదింట్లో ఆడమనిషి తిండి తగ్గించుకుంటే దానికి లేమి కారణం అంటాం. మధ్యతరగతి ఇంట్లో ఆడపిల్ల చదువు ఆపేస్తే దానికీ ఇబ్బందులే కారణం అంటాం. మరి దేనికీ కొరత లేని ఇంట్లో కూడా త్యాగం లెక్క ఇలాగే రాస్తున్నారంటే ఏమనాలి? లేమి అడ్డు తొలగిపోయిన చోట పితృస్వామ్యం తన అసలు రూపంలో కనపడుతుంది. అందుకే ఈ కారు గురించి మాట్లాడుతున్నాను.

ముందు ఆ మగవాడు నిజంగా ఏం వదులుకున్నాడో చూద్దాం. 1978లో జర్మనీలోని బీఎండబ్ల్యూ కంపెనీ ఎం1 అనే స్పోర్ట్స్ కారు తెచ్చింది. రెండే సీట్లు. 277 హార్స్ పవర్ ఇంజను. 500 కూడా తయారవలేదు. 1985లో అదే కంపెనీ, ఆ ఇంజనునే కొంచెం మార్చి, ఆఫీసుకి వెళ్ళే పెద్దమనిషి నడిపే మామూలు సెడాన్‌లో పెట్టి ఎం5 అని పేరు పెట్టింది. దానికి 286 హార్స్ పవర్. అంటే పుట్టిన రోజునే ఆ 'కుటుంబం కారు' స్పోర్ట్స్ కారు కన్నా ఒక పిసరు ఎక్కువ బలంతో పుట్టింది. 2005 నాటికి ఎం5 బలం 507కి చేరింది. 2024లో వచ్చిన ఎం5కి 727. ఒకప్పటి స్పోర్ట్స్ కారుకి రెండున్నర రెట్లు పైన. బరువు రెండు టన్నులు దాటింది. నిలబడ్డ చోటు నుంచి గంటకి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మూడున్నర సెకన్లు చాలు. దీన్ని సర్దుకుపోవడం అంటారా?

మిగతా కంపెనీలూ ఇదే దారి పట్టాయి. 1990ల మొదట్లో మెర్సిడెస్ తన 500ఇ సెడాన్ తయారీలో సాయానికి స్పోర్ట్స్ కార్ల కంపెనీ అయిన పోర్షే దగ్గరికే వెళ్ళింది. 2009లో పోర్షేయే నాలుగు తలుపుల పనమేరా తెచ్చింది. 2022లో ఫెరారీ కూడా తన మొట్టమొదటి నాలుగు తలుపుల కారు చూపించింది. కొనేవాడికి వేగమూ కావాలి, మంచి తండ్రి అన్న పేరూ కావాలి. రెండూ ఒకే రేకు కింద పెట్టి అమ్మడం నేర్చుకున్నారు వ్యాపారులు. ఆ రెండో దాని కోసం పక్క సీట్లో ఒక భార్య, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు ఉండాలి. మనం అందులో ప్రయాణం చేసేవాళ్ళమే కాదు, ఆ కారు కొనడానికి చూపించే సాకు కూడా.

మా పిన్ని కూతురు అమెరికాలో ఉంటుంది. ఇలాంటి మార్పిడి వాళ్ళింట్లో జరిగినప్పుడు ఫోన్లో చెప్పింది. "అక్కా, షోరూమ్‌లో అతను మా ఆయనకి బానెట్ ఎత్తి చూపించాడు. నాకు డిక్కీ తీసి చూపించాడు. పిల్లల సీటు ఎలా బిగించాలో, పాలసీసా ఎక్కడ పెట్టుకోవాలో, స్ట్రోలర్ ఎలా పడుతుందో అన్నీ నాకే చెప్పాడు. ఇంజను గురించి నేనొక ప్రశ్న అడిగితే మా ఆయన వైపు తిరిగి జవాబు చెప్పాడు." ఆమె చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. రెండో కాన్పప్పుడు పీహెచ్‌డీ మధ్యలో వదిలేసింది. ఇంట్లో దాన్ని ఎవరూ త్యాగం అనలేదు. "చిన్న బ్రేక్" అన్నారు. ఆ బ్రేక్ మొదలై తొమ్మిదేళ్ళు.

ఇక్కడే నా అసలు అభియోగం. మగవాడి కోరికకి మారకం విలువ ఉంటుంది. పాత కారు షోరూమ్‌కి తోలుకెళ్తే దానికి వెలకడతారు, కొత్త కారు ధరలో తగ్గిస్తారు. తను వదులుకున్న ప్రతి రూపాయీ అతనికి కొత్త రూపంలో తిరిగొస్తుంది, పైగా మంచివాడన్న బిరుదొకటి. సగంలో ఆగిన పీహెచ్‌డీని ఏ షోరూమూ ఎక్స్ఛేంజికి తీసుకోదు. ఆగిపోయిన సంగీతానికి, అటకెక్కిన రాతప్రతికి, బదిలీ వద్దనుకుని పోగొట్టుకున్న ప్రమోషన్‌కి వెలకట్టేవాడు లేడు. అతనిది మారకం, దాన్ని త్యాగం అంటున్నారు. ఆమెది నిఖార్సయిన నష్టం, దాన్ని సహజం అంటున్నారు.

ఇది నిన్నమొన్నటి సంగతి కూడా కాదు. మోటారు కారు చరిత్రే ఒక ఆడమనిషి కట్నంతో మొదలైంది. బెర్తా రింగర్ అనే జర్మన్ యువతి పెళ్ళికి ముందే తన కట్నం డబ్బులో కొంత ఇచ్చి, కాబోయే భర్త కార్ల్ బెంజ్ వర్క్‌షాపుని భాగస్వామి చేతుల్లోంచి విడిపించింది. 1886లో కారు పేటెంటు ఆయన పేరు మీద వచ్చింది. 1888 ఆగస్టులో ఆమె భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి, దాదాపు వంద కిలోమీటర్లు, ఆ బండి నడుపుకుంటూ వెళ్ళింది. దారిలో మందుల షాపులో ఇంధనం కొంది. టోపీ పిన్నుతో పైపులో అడ్డు తీసింది. అరిగిన బ్రేకులకి చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. లోకం ఇప్పటికీ దాన్ని భర్త కోసం చేసిన ప్రచారయాత్ర అనే ఎక్కువ చెబుతుంది. అది ఆమె పెట్టుబడి, ఆమె ఇంజనీరింగ్ అని ఎందుకు చెప్పదు? పెళ్ళిపందిట్లో తాళాలగుత్తి అల్లుడి చేతిలో పెట్టడం చూస్తూ పెరిగిన మనకి ఈ కథ పరాయిదేం కాదు. డబ్బు ఆడపిల్ల వైపు నుంచి, స్టీరింగ్ మాత్రం అతని చేతిలో.

"ఏదైతేనేం, ఆ పెద్ద కారు ఆడవాళ్ళకీ పిల్లలకీ భద్రమే కదా" అంటారు. ఎవరి ఒంటిని కొలిచి భద్రం అంటున్నారు? కారు గుద్దుకునే పరీక్షల్లో దశాబ్దాల పాటు ప్రామాణికంగా పెట్టిన బొమ్మ, 175 సెంటీమీటర్ల ఎత్తూ 78 కిలోల బరువూ ఉన్న మగవాడిది. ఆడబొమ్మ అని చెప్పి వాడింది, చాలావరకు ఆ మగబొమ్మనే కుదించి 49 కిలోలకి దించినది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో తేల్చిన లెక్క ప్రకారం, ఎదురుగా గుద్దుకునే ప్రమాదాల్లో సీటు బెల్టు పెట్టుకున్న ఆడవాళ్ళు తీవ్రంగా గాయపడే అవకాశం మగవాళ్ళ కన్నా 73 శాతం ఎక్కువ. మన పేరు చెప్పి కొన్న కారు మన ఒంటి కొలతలతో తయారు కాలేదు.

మనలోనూ కొందరు ఇంకో మాటంటారు. స్పోర్ట్స్ కారు మగతనపు డాబు, సెడాన్ ఇంటికి పనికొచ్చేది, కాబట్టి ఈ మార్పిడి ఒక రకంగా ఆడవాళ్ళ గెలుపే అని. నేను ఒప్పుకోను. 'పనికొచ్చేది' అంటే ఏ పనికి? బడికి దింపే పని, సరుకులు తెచ్చే పని, అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళే పని. ఆ పనులు ఎవరు చేస్తారో తేల్చకుండా పెద్ద డిక్కీ కొంటే, ఆ డిక్కీ నింపే చాకిరీ ఎవరి మీద పడుతుందో మనకి తెలియదా? 2004లో వోల్వో కంపెనీ అందరూ ఆడవాళ్ళే ఉన్న బృందంతో వైసీసీ అనే నమూనా కారు చేయించింది. హ్యాండ్‌బ్యాగ్‌కి చోటు, జడ పట్టేలా హెడ్‌రెస్ట్‌లో గాడి, సులువుగా పార్కింగ్. మంచి ఆలోచనలే. కానీ ఆ కారులో ఇంజను మీది మూత సొంతదారు తీసేందుకు వీల్లేదు. ఆడవాళ్ళకి సౌకర్యం ఇవ్వొచ్చు, ఇంజను అక్కర్లేదన్న మాట అందులోనూ దూరింది. ఆ నమూనా ఎప్పుడూ మార్కెట్‌కి రాలేదు.

ఆడవాళ్ళకి వేగం మీద కోరిక ఉండదన్నది ఉత్త అబద్ధం. ఫ్రాన్స్‌కి చెందిన మిషెల్ మూటన్ 1981లో ఇటలీలోని సాన్‌రెమోలో ప్రపంచ ర్యాలీ పోటీ గెలిచింది. 1982లో మూడు ర్యాలీలు గెలిచి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో నిలిచింది. అది ఎవరికోసమూ చేసింది కాదు, పనికొచ్చే పని అంతకన్నా కాదు. ఆమె కావాలనుకుంది, చేసింది. మన ఆడవాళ్ళ నోటినుంచి ఇంకా తేలిగ్గా రాని మాట ఇదే. స్కూటర్ కావాలన్నా "పిల్లల్ని దింపడానికి" అంటాం. కంప్యూటర్ కావాలన్నా "వాళ్ళ హోంవర్కుకి" అంటాం. అతను తన కోరికకి బాధ్యత అనే ముసుగు వేస్తాడు, వేసి దాన్ని నెరవేర్చుకుంటాడు. మనమూ అదే ముసుగు వేస్తాం, వేశాక లోపల కోరిక ఉందన్న సంగతే మర్చిపోతాం.

1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చినప్పటి నుంచి వంటింటి మీద మన కవులు ఎంతో రాశారు. ఇకనుంచి కారు నిలిపే షెడ్డు మీద కూడా రాయాలి. కుటుంబం కోసం కారు మార్చానని ఎవరైనా చెప్పుకుంటే, అభినందించే ముందు నాలుగు లెక్కలు అడగాలి. కొత్త ఇంజను బలం ఎంత? బండి ఎవరి పేరు మీద రిజిస్టరైంది? బడికి రోజూ దింపేది ఎవరు? అదే పిల్లల కోసం ఆమె ఏం వదిలింది, దానికి ఆ ఇంట్లో కట్టిన వెల ఎంత? చివరి ప్రశ్నకి జవాబు వచ్చేదాకా అతనికి త్యాగి అన్న బిరుదు ఇవ్వడానికి వీల్లేదు. ఆలోగా మనలో ఎవరికైనా రెండు సీట్ల కారు కావాలనిపిస్తే, రెండో సీటు ఎవరికని సంజాయిషీ ఇవ్వాల్సిన పని కూడా లేదు.