పాత కారుకి కూడా ఒక కస్టమ్ రోమ్ కావాలి

2014లో వచ్చిన వన్‌ప్లస్ వన్ గుర్తుందా? కంపెనీ దానికి అప్‌డేట్లు ఆపేసి చాలా కాలమైంది. అయినా లీనియేజ్ ఓఎస్ పుణ్యమా అని అదే ఫోన్‌లో ఆండ్రాయిడ్ 11 దాకా ఎక్కించుకున్నవాళ్లున్నారు. అదే 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ కారు తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ఆ కారులో కిటికీ అద్దం తిప్పే పిడి విరిగితే పాత సామాన్ల దుకాణాల చుట్టూ తిరగాలి. రెండూ కంపెనీ వదిలేసిన వస్తువులే. మరి ఒకదానికి దారి ఉండి, రెండోదానికి ఎందుకు లేదు?

సమాధానం మనలో చాలామందికి తెలుసు. ఆండ్రాయిడ్ కింద ఉన్నది లైనక్స్ కెర్నెల్. దాని జీపీఎల్ లైసెన్స్ ప్రకారం ఫోన్ అమ్మిన కంపెనీ తను మార్చిన కెర్నెల్ సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. కొన్ని కంపెనీలు ఆలస్యం చేస్తాయి, కొన్ని అరకొరగా ఇస్తాయి, అది వేరే గొడవ. కానీ ఆ షరతు ఉండబట్టే కంపెనీ వదిలేసిన ఫోన్‌ని కూడా ఎక్కడో ఒక కుర్రాడు బతికించగలుగుతున్నాడు. కార్లకి అలాంటి షరతు లేదు. అందుకే నేను చెప్పేది ఒక్కటే: కంపెనీ ఒక పార్ట్ తయారీని శాశ్వతంగా ఆపేస్తే, దాని డ్రాయింగ్‌ని జనానికి ఇచ్చెయ్యాలి.

బేరింగ్ దొరుకుతుంది, పిడి దొరకదు

మాది వెలుగోడు. తెలుగుగంగ రిజర్వాయర్ ఉన్న ఊరు. మా వైపు పాత బండి అంటే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ పెట్టుకునే వింటేజ్ కారు కాదు. పొలానికీ, సంతకీ, పెళ్లికీ తిరిగే పాత జీపు. అది ఆగితే ఆ రోజు పని ఆగుతుంది. పార్ట్ కోసం నంద్యాల వెళ్తారు, అక్కడ లేకపోతే కర్నూలు, అదీ కాకపోతే విజయవాడ ఆటోనగర్.

ఇక్కడో విషయం గమనించండి. ఎంత పాత బండికైనా బేరింగ్ సాధారణంగా దొరుకుతుంది. ఎందుకంటే బేరింగ్ కొలతలు అందరికీ తెలిసినవి. దుకాణంలో 6205 అని చెబితే చాలు, లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. ఏ బ్రాండ్ తీసుకున్నా అంతే. దొరకనివి కంపెనీ తన కోసం మాత్రమే గీసుకున్నవి: తలుపు రబ్బరు బీడింగ్, లైటు అద్దం, గేర్ లివర్ కింది బుష్, ఆ కిటికీ పిడి. అంటే కొలత బయట ఉన్న పార్ట్ బతికింది, కొలత బీరువాలో ఉన్న పార్ట్ చచ్చిపోయింది. ఫ్యాక్టరీ మూతపడటం ఒక్కటే కారణమైతే రెండూ పోవాలి కదా.

పైగా ఆ బీరువా కూడా చేతులు మారుతుంటుంది. మన హైదరాబాద్ ఆల్విన్ సంగతే తీసుకోండి. 1980ల్లో నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు చేసింది. తర్వాత ఆ వ్యాపారం మహీంద్రా చేతికి వెళ్లింది. అంబాసిడర్ పేరునైతే 2017లో ఫ్రాన్స్‌కి చెందిన ప్యూజో 80 కోట్ల రూపాయలకి కొనుక్కుంది. పేరుకి ఆ ధర పలికింది సరే, మెకానిక్‌కి కావాల్సింది పేరు కాదు. వ్యాసం ఎంత, మందం ఎంత, ఏ లోహం, అంతే.

స్కాన్ చేసి ప్రింట్ చేస్తే పోలా?

ఈ సైట్ చదివేవాళ్లకి వెంటనే వచ్చే డౌట్ ఇదే. మిడ్‌రేంజ్ ఫోన్ ధరకి త్రీడీ ప్రింటర్ వస్తోంది, ఫోన్‌లోనే లైడార్ ఉంది, ఇంకేం కావాలి అని. కావాలి, చాలానే కావాలి.

మొదటిది, ఐఫోన్ 12 ప్రో నుంచి వస్తున్న లైడార్ గది కొలవడానికి బాగుంటుంది. దాని కచ్చితత్వం సెంటీమీటర్ల లెక్కలో ఉంటుంది. బుష్‌కి కావాల్సింది మిల్లీమీటర్‌లో పదో వంతు, ఒక్కోసారి వందో వంతు. ఆ పనికి లైడార్ కంటే మామూలు వెర్నియర్ కాలిపర్స్ వెయ్యి రెట్లు నయం.

రెండోది ఇంకా ముఖ్యం. మనం స్కాన్ చేసేది ముప్ఫై ఏళ్లు అరిగిన పార్ట్‌ని. దాన్ని ఎంత బాగా స్కాన్ చేస్తే అరుగుదల అంత బాగా కాపీ అవుతుంది! కొత్తగా ఉన్నప్పుడు ఎంత ఉండేది, ఎంత వరకు తేడా పనికొస్తుంది, ఉక్కు ఏ గ్రేడ్, ఎంత గట్టిపరిచారు అన్నవి పైకి కనిపించవు. అవన్నీ ఉండేది డ్రాయింగ్‌లోనే. లేత్ దగ్గరికి వెళ్తే మా వైపు టర్నర్ అనే మొదటి మాట "పాతది తీస్కరాప్పా, సూసి చేస్తా" అని. చేస్తాడు కూడా, చేతిలో విద్య ఉంది. కానీ పాతది రెండు ముక్కలై ఒక ముక్క దారిలో పడిపోతే ఆయనైనా ఊహించుకోవాల్సిందే.

మూడోది మెటీరియల్. అందరం మొదట వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. నంద్యాలలో మే నెల ఎండకి కారు బయట పెడితే డ్యాష్‌బోర్డు ఆ వేడిని ఈజీగా దాటేస్తుంది. కారు లోపలి పార్ట్‌కి ఏబీఎస్ గానీ, ఎండకి తట్టుకునే ఏఎస్ఏ గానీ వాడాలి. అవి 100 డిగ్రీల వరకు నిలబడతాయి. లోహమే కావాలంటే ప్రింటర్‌తో నమూనా చేసి, దాన్ని ఇసుక అచ్చులో పెట్టి పోత పోయించొచ్చు. అల్యూమినియం చల్లారేటప్పుడు సుమారు 1.3 శాతం కుంచించుకుపోతుంది కాబట్టి నమూనాని ఆ మేరకు పెద్దది చెయ్యాలి. ప్రింటర్ మన దగ్గర ఉంది, పోత పోసేవాళ్లు, లేత్ పట్టేవాళ్లు ఆటోనగర్‌లో ఉన్నారు. మధ్యలో లేనిది నమ్మదగిన ఫైలు ఒక్కటే.

ఇచ్చినవాళ్లు లేకపోలేదు

కొన్ని కంపెనీలు పాత పార్ట్‌లు తామే మళ్లీ చేస్తున్నాయి. పోర్షే 959 కారు మొత్తం 292 మాత్రమే తయారైంది. దాని క్లచ్ రిలీజ్ లివర్‌ని ఉక్కు పొడితో, లేజర్‌తో త్రీడీ ప్రింట్ చేస్తున్నట్టు పోర్షే 2018లో ప్రకటించింది. దాదాపు మూడు టన్నుల లోడ్ పెట్టి పరీక్షించాకే ఓకే చేశారు. టొయోటా 2020 నుంచి పాత సుప్రా పార్ట్‌లు మళ్లీ అమ్ముతోంది. మంచిదే. కానీ అవి కలెక్టర్లు ఎంతైనా పెట్టి కొనే కార్లు. పాత జీపు కోసం, ఆల్విన్ నిస్సాన్ ట్రక్కు కోసం ఏ కంపెనీ అలాంటి ప్రోగ్రామ్ పెడుతుంది? గిట్టదు.

గిట్టనప్పుడు ఫైళ్లు ఇచ్చెయ్యడమే మార్గం. టెస్లా తన మొట్టమొదటి రోడ్‌స్టర్‌కి 2023 నవంబర్‌లో సర్వీస్ మాన్యువళ్లు, కొన్ని ఎలక్ట్రానిక్ బోర్డుల డిజైన్ ఫైళ్లు ఉచితంగా పెట్టింది. అన్నీ ఇవ్వలేదు, అయినా తలుపు తెరిచింది. ఫిలిప్స్ 2025లో 'ఫిక్సబుల్స్' పేరుతో షేవర్ దువ్వెన లాంటి చిన్న పార్ట్‌ల ఫైళ్లని ఇంట్లో ప్రింట్ చేసుకోమని ఇవ్వడం మొదలెట్టింది. దువ్వెన ఫైలు ఇస్తే ఫిలిప్స్ మునిగిపోలేదు కదా.

"అయితే డూప్లికేట్లు పెరగవా?"

ఈ అభ్యంతరం న్యాయమైనదే. నాసిరకం బ్రేక్ పార్ట్ ప్రాణం తీస్తుంది. కానీ డూప్లికేట్లు ఇప్పుడూ ఉన్నాయి, అదీ డ్రాయింగ్ లేకుండా, కంటితో చూసి చేసినవి. సరైన కొలత, సరైన గ్రేడ్ అందరికీ తెలిస్తే కొనేవాడు కాలిపర్స్ పట్టుకుని నాసిరకాన్ని దుకాణంలోనే పట్టుకోగలడు. అయినా జాగ్రత్త కోసం పార్ట్‌లని విడదీద్దాం. పిడులు, మూతలు, క్లిప్పులు ఎవరైనా చేసుకోవచ్చు. బుష్‌లు, బ్రాకెట్లు వర్క్‌షాపులో చెయ్యాలి. బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, ఇంధనం లైను మాత్రం పరీక్ష పాసైన తయారీదారులే చెయ్యాలి. ఇంట్లో ప్రింటర్‌తో వీటి జోలికి అస్సలు పోవద్దు.

రెండో అభ్యంతరం కంపెనీ హక్కులు. మన దేశంలో పేటెంట్‌కి 20 ఏళ్లు, డిజైన్ రిజిస్ట్రేషన్‌కి గరిష్ఠంగా 15 ఏళ్లే గడువు. 1957 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రూపంతో మొదలైన అంబాసిడర్‌కి ఆ గడువులు ఎప్పుడో దాటిపోయాయి. కంపెనీ పేరు, లోగో వేసి అమ్మడం తప్పు, అది అలాగే ఉండనీ. నేను అడిగేది లోగో కాదు, కొలత.

ప్రభుత్వం వైపు కూడా కొంత కదలిక ఉంది. స్పేర్ పార్ట్‌లని బయటి మార్కెట్‌లో దొరకనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది. అందులో మొబైళ్లు, వ్యవసాయ పరికరాలు, గృహోపకరణాలతో పాటు వాహనాలు కూడా ఉన్నాయి. అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ కూడా వచ్చింది. ఆ పోర్టల్‌లో ఒక్క కాలమ్ చేర్చమంటున్నా: తయారీ ఆపేసిన పార్ట్, దాని డ్రాయింగ్.

అంతదాకా మనం

మా ఊరికి ఇటు నంద్యాల దాటితే ఆళ్లగడ్డ. అక్కడి శిల్పులు రాతిని దేవుడిగా మలుస్తారు. ముఖం ఎంత, మొత్తం ఎత్తు దానికి ఎన్ని రెట్లు అన్న తాళమానం లెక్క ఉంది కాబట్టి, పాత విగ్రహం భిన్నమైతే కొత్త రాయిలో మళ్లీ అదే మూర్తిని చెక్కగలరు. లెక్కని గురువు దాచుకోలేదు, శిష్యుడికి ఇచ్చాడు. మన దగ్గర బండ్లకి ఆ లెక్క రాసిపెట్టే పని ఎవరూ చెయ్యలేదు. అది మనం చెయ్యగలిగిన పనే.

ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు ఇంట్లోనో వీధిలోనో ఉన్న పాత బండి దగ్గరికి కాలిపర్స్ పట్టుకుని వెళ్లండి. ఇంకా బాగున్న ఒక చిన్న పార్ట్‌ని, యజమానిని అడిగి, విప్పండి. ఒక్కో కొలతా మూడుసార్లు తీసుకోండి. ఎక్కడ అరిగిందో అక్కడ అరిగిందని రాయండి, మెటీరియల్ తెలియకపోతే తెలియదనే రాయండి. బండి మోడల్, తయారైన ఏడాది పెట్టి క్యాడ్ ఫైలుని ఓపెన్ లైసెన్స్‌తో అప్‌లోడ్ చెయ్యండి. ఒక ప్రింట్ తీసి మీ ఊరి మెకానిక్ చేతిలో పెట్టి, సరిపోయిందో లేదో ఆయన మాట కూడా ఆ ఫైలు కింద చేర్చండి. విరిగాక కొలవడానికి ఏమీ మిగలదు.