ఎవరి వాకిట్లో ధర్నా?

ప్రొద్దుటూరు పుట్టపర్తి సర్కిల్‌లోనో, పులివెందుల పూలంగళ్ల సర్కిల్‌లోనో, జమ్మలమడుగు ఆర్డీవో ఆఫీసు ముందో తరచూ ఏదో ఒక ధర్నా నడుస్తూనే ఉంటుంది. షామియానా వేస్తారు, ఫ్లెక్సీ కడతారు, మధ్యాహ్నానికి వినతిపత్రం ఇచ్చి లేస్తారు. ఇంతగా వాడుతున్న ఆ మాటకు ఒకప్పుడు ఎంత బరువుండేదో మరిచిపోతున్నాం.

పాతకాలంలో ధర్నాకు గుంపు అక్కర్లేదు, జెండా అక్కర్లేదు. అప్పిచ్చినవాడు బాకీ ఎగ్గొట్టినవాడి గడప ముందు అన్నం మానేసి కూర్చునేవాడు. బాకీ తీరేదాకా లేచేవాడు కాదు. వాడక్కడ ప్రాణం వదిలితే ఆ పాపం ఇంటివాడికి చుట్టుకుంటుందని లోకం నమ్మేది. ఆ నమ్మకానికి ఎంత బలముండేదో 1860 నాటి భారత శిక్షాస్మృతి చెబుతుంది. దైవాగ్రహం తగులుతుందని భయపెట్టి పని చేయించుకోవడాన్ని 508వ సెక్షన్ నేరంగా లెక్కగట్టింది. దానికిచ్చిన ఉదాహరణల్లో ఇంటి ముందు ధర్నా కూర్చోవడం ఒకటి.

గాంధీ కూడా దీన్ని మెచ్చలేదు. 1921లో కలకత్తా విద్యార్థులు కొందరు తోటివాళ్ల దారికి అడ్డం కూర్చుంటే, అది పాతకాలపు అనాగరికత అని తన యంగ్ ఇండియా పత్రికలో మందలించారు. నన్నెవరూ తొక్కుకుంటూ పోరన్న ధీమాతో అడ్డం కూర్చోవడం ధైర్యం కాదన్నది ఆయన వాదన. నాకు ఈ వాదన సబబుగానే అనిపిస్తుంది. అందుకే ధర్నా మాట వినగానే రెండు సంగతులు చూస్తాను. కూర్చున్నవాడు తన ఒంటి మీదికి ఏం కష్టం తెచ్చుకున్నాడు? కూర్చున్న వాకిలి బాకీ పడ్డవాడిదేనా? రోడ్డు మీద బస్సులో ఇరుక్కున్న బాలింత మనకేమీ బాకీ లేదు.

ఉక్కు ఫ్యాక్టరీ సంగతే తీసుకోండి. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఆ బాకీ రాసి ఉంది: ఆరు నెలల్లో కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెయిల్ పరిశీలించాలి. 2018 జూన్‌లో ఆ బాకీ కోసమే అప్పటి తెలుగుదేశం ఎంపీ సి.ఎం.రమేశ్ కడపలో పదకొండు రోజులు దీక్ష చేశారు. తిండి మానడం చిన్న విషయం కాదు. కానీ బాకీదారు ఢిల్లీలో ఉన్నాడు, దీక్ష తమ పార్టీ ఏలుతున్న రాష్ట్రంలో జరిగింది, చివరికి నిమ్మరసం ఇచ్చి విరమింపజేసింది సొంత పార్టీ ముఖ్యమంత్రి. అదే నెలలో వైసీపీ కూడా ఉక్కు కోసం ధర్నాలు చేసింది. మరుసటి ఏడాది అధికారం ఆ పార్టీ చేతికొచ్చింది. 2007లో బ్రహ్మణి పేరుతో, 2018లో కంబాలదిన్నెలో, 2019లోనూ 2023లోనూ సున్నపురాళ్లపల్లెలో పునాదిరాళ్లు పడ్డాయి. ఉక్కు మాత్రం ఇంకా రాలేదు. అధికారంలో ఉన్నవాళ్లు రోడ్డెక్కినప్పుడు జనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీ చేతిలో ఉన్న పని ఎంతవరకు చేసి వచ్చారు?

తాళ్లప్రొద్దుటూరు వాళ్లది వేరే కథ. గండికోట జలాశయం 26.85 టీఎంసీలది. సీమకు ఆ నీళ్లు కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. 2020లో జలాశయంలో నీటిమట్టం పెంచుతుంటే కొండాపురం మండలంలోని ఆ ఊరి జనం, పరిహారం పూర్తిగా చేతికందకముందే ఊరు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలని కూర్చున్నారు. వెనక నీళ్లు పెరుగుతున్నాయి, ముందు అధికారులున్నారు. పాత అర్థంలో ధర్నా అంటే అది. బాకీ ఉంది, బాకీదారు ఎవరో తెలుసు, కూర్చున్నవాడికి పోగొట్టుకోవడానికి ఇల్లు తప్ప ఇంకేం మిగల్లేదు.

ఇలాంటివాళ్లకు మన కడప జిల్లాలో మొదట ఎదురయ్యే ప్రశ్న 'నీకు రావాల్సిందెంత' అని కాదు, 'నువ్వు ఎవరి పార్టీ' అని. ఈ పక్క పల్లెల్లో పార్టీ అంటే చాలాకాలం ముఠా అనే అర్థం. అవతలి పార్టీ మనిషి అంటే కత్తి దూయాల్సినవాడు. బాంబులతో తగవులు తీర్చుకున్న జమ్మలమడుగు ప్రాంతంలో నలుగురు ఉత్త చేతులతో ఆఫీసు ముందు కూర్చోవడమే ఎంతో పెద్ద మార్పని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నలుగురికీ ముఠా ముద్ర వేసి పంపిస్తే ఆ మార్పును వెనక్కి నెట్టినట్టే. ప్రభుత్వాలు మారినా ధర్నాను ముందే అడ్డుకునే అలవాటు మారలేదు. ధర్నాకు పిలుపిచ్చిన రాత్రే గృహ నిర్బంధాలు, పొద్దున్నే '30 పోలీస్ యాక్ట్ అమల్లో ఉంది' అన్న ప్రకటన. 1861 నాటి ఆ చట్టం నేటికీ ప్రతి పాలకుడికీ పనికొస్తోంది. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత 2023 జనవరిలో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ తెచ్చిన జీవో నంబర్ 1ని అదే ఏడాది మేలో హైకోర్టు కొట్టేసింది. జనం ప్రాణాలు కాపాడాలన్న మాటలో తప్పులేదు. ఆ పేరుతో నోరు మూయించడమే తప్పు.

అలా నోరు మూయించకుండా వినాల్సిన గోడు ఒకటి ఇప్పుడూ ఉంది. పులివెందుల పక్కన వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం ప్లాంటు ఉంది. దాని వ్యర్థాల చెరువు చుట్టుపక్కల కె.కె.కొట్టాల లాంటి ఊళ్ల రైతులు తమ బోర్లు పాడయ్యాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కంపెనీ కాదంటోంది. ఆ రైతులు ఏ జెండా కింద కూర్చున్నారన్నది కలెక్టరుకు అనవసరం. వాళ్ల బోర్ల నీళ్లను ప్లాంటుతో సంబంధం లేని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. ఆ ఫలితాలను తెలుగులో రాయించి ఒక్కో ఊరి సచివాలయం గోడకు అంటించాలి. ఈ వేసవి లోపే ఆ పని జరగాలి.